ఎడమకాలి కొలత

మొన్న నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కండక్టరు నన్ను చూసి, టికెట్ల సంచి సర్దుకుంటూ, "సార్, మీ చెప్పులాయన పోయినాడు" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆదివారం. చర్చిలో పాట పాడొచ్చి, ఇంట్లో నడుం వాల్చినాడంట. అంతే."

బస్సు వెళ్లిపోయింది. మనిషి పోయాడని వినగానే ఆకాశం వైపు చూసేవాళ్లుంటారు. నాకు ఆ అలవాటు లేదు. నేను వంగి నా పాదాలు చూసుకున్నాను. ఆయన విషయంలో కిందికి చూడటమే మర్యాద.

సోదెగత్తెల మీద, ముహూర్తాల మీద, తాయెత్తుల మీద నేను దస్తాల కొద్దీ కాగితం ఖర్చు చేశాను. కళ్లతో చూసి, చేత్తో తాకి, తెలిసినంతే మాట్లాడే మనిషి ఒకడు ఆళ్లగడ్డలో కూర్చుని ఉంటే, ఆయన మీద ఒక్క పేజీ రాయలేదు. తిట్టడానికి ఉన్నంత సిరా మా సంస్కర్తల దగ్గర మెచ్చుకోవడానికి ఉండదు.

ఆయన ఎవరి ముఖమూ ముందు చూసేవాడు కాదు. ఒకసారి నంద్యాల సంతలో ఎదురైతే, తల వంచుకునే, "ఎడమది ఎట్లుంది?" అని అడిగాడు. ఆ తర్వాత తలెత్తి, ఆ ఎడమకాలి మీద ఉన్నది నేనేనా అని చూసుకున్నాడు. తహసీల్దారైనా, ఎద్దుల బేరగాడైనా ఆయన నోట "అప్పా"నే. దొరా అనడు, సామీ అనడు. దీని మీద కొందరికి కోపం ఉండేది. ఆయనను అడిగితే, "చెప్పులిడిస్తే అందరికీ పది వేళ్లే కదప్పా" అనేవాడు.

చర్చి పక్క వీధిలో ఆయన ఇల్లు. వాకిట్లో ఒక నల్ల నాపరాయి బండ, ముంతలో నీళ్లు, ఆయన చెవి వెనక ఒక కోడి ఈక, మెడలో కొలతకు ముడులు వేసిన దారం. చిన్న వయసులో ఒక మిషన్ ఆస్పత్రిలో పదేళ్లు పనిచేశాడట. స్పర్శ పోయిన రోగులకు కాళ్లలో పుండ్లు పడకుండా మెత్తటి చెప్పులు కుట్టడం అక్కడ ఆయన పని. అక్కడి డాక్టరమ్మ ఆయనకు అక్షరాలు నేర్పలేదు, చూడటం నేర్పింది. "ముందు చూడు, తర్వాత తాకు, ఆ తర్వాత నోరు తెరువు" అన్నదట. మా చర్చా వేదికల మీద ఈ వరస సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది.

ఇక పుల్లల సంగతి చెప్పాలి. పెద్ద ఇళ్లవాళ్లు ఆ వీధిలో అడుగు పెట్టరు. కొలత తీయాలంటే ఆయన కాలు ముట్టుకోవాలి, అది అసలే కుదరదు. అందుకని ఇంట్లోనే ఒక చీపురుపుల్ల తీసి, మడమ నుంచి బొటనవేలి దాకా పెట్టి, తుంచి, సేద్యగాని చేతికిచ్చి పంపేవాళ్లు. పుల్ల పోతుంది, చెప్పులు వస్తాయి. చచ్చిన గొడ్డు తోలు గడప దాకా రావచ్చు, దాన్ని కుట్టిన బతికున్న చెయ్యి రాకూడదు! ఇంత గట్టి తర్కం ఏ శాస్త్రంలోనూ నాకు కనపడలేదు.

శిరివెళ్ల వైపు ఒక రైతు ఇలాగే పుల్ల పంపి చెప్పులు తెప్పించుకున్నాడు. వారానికి బండి కట్టుకుని వచ్చి, వీధి మొదట్లోనే ఎడ్లను నిలిపి, బండి మీద నుంచే అరిచాడట.

"ఏమయ్యో! ఈ చెప్పులు కరుస్తాండాయి!"

"పుల్లను కరిచినాయా?"

"ఏందీ?"

"నేను కుట్టింది పుల్లకప్పా. దానికి తొడిగి చూడు. కరిస్తే వాపసు తీసుకుంటా."

"ఎగతాళా? నా కాలికి తగ్గట్టు కుట్టు!"

"నువ్వు దిగు, కుడతా."

రైతు దిగలేదు. ఈయన లేవలేదు. చివరికి విసుగు పుట్టి ఎడ్లే ఇంటిదారి పట్టాయట.

ఇవన్నీ నేను తర్వాత విన్నవి. నేను ఆయన దగ్గరికి మొదట వెళ్లింది గౌరవంతో కాదు, ఆయన మోసం పట్టిద్దామని.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు పాణ్యంలో మొక్కుబడుల మీద రెండు గంటలు మాట్లాడి, చప్పట్ల మధ్య వేదిక దిగుతుంటే నా ఎడమ మోకాలు పట్టేసింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని నన్ను దించారు. ఆ ఊరేగింపు చూసినవాళ్లకు మోకాలు కనపడలేదు, మహిమ కనపడింది. నేను నంద్యాల చేరేలోగా వార్త చేరిపోయింది: "యాగంటి మొక్కును ఎగతాళి చేసినాడు, స్వామి కాలు పట్టుకున్యాడు."

కొన్నాళ్లలో ఆళ్లగడ్డలో పెద్ద సభ ఉంది. ఒక పురాణం పంతులుతో నాకు ఎదురెదురు వాదం. ఆయన బొజ్జా, నవ్వూ, గొంతూ మూడూ పెద్దవే. నేను కుంటుకుంటూ వేదిక ఎక్కితే ఆయన నోరు విప్పనవసరం లేదు, నన్ను వేలితో చూపిస్తే చాలు. ఎక్కకపోతే ఇంకా హాయి. నొప్పి నాది, పరువు మాత్రం హేతువాదానిది. సభనాటికి ఈ మోకాలు నిలబడి తీరాలి.

ఊరంతా వైద్యులైపోయారు. ఒకరు వావిలాకు కాపడం అన్నారు, ఒకరు ఆముదం అన్నారు, ఒకరు మాత్రం ఆప్యాయంగా, "ఒక్కసారి పోయి దండం పెట్టుకోని రాప్పా, ఎవరికీ చెప్పంలే" అన్నారు. నంద్యాల డాక్టరు మోకాలు నొక్కి, తైలం రాసిచ్చి, విశ్రాంతి తీసుకోమన్నాడు. తీసుకున్నాను. మోకాలు నాతో పాటు విశ్రాంతి తీసుకుని, లేచినప్పుడు నాతో పాటే మూలిగింది.

అప్పుడు ఆళ్లగడ్డ సభ పెడుతున్న మిత్రుడు, "అన్నా, మా ఊర్లో ఒకాయన పాదాలు చూసి కీళ్ల సంగతి చెప్తాడు" అన్నాడు.

"చేతులు చూసేవాళ్లతోనే వేగలేక చస్తున్నాను. ఇప్పుడు పాదాలు చూసేవాడు కూడానా!" అన్నాను. కానీ మనసులో ఒక ఆలోచన మెరిసింది. సభకు ముందే ఇతగాడి గుట్టు బయటపెడితే, వాదానికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. బస్సెక్కాను.

ఆయన నా ముఖం చూడకుండానే, "కొత్తవి" అన్నాడు.

"అవును."

"పాతవి యాడ?"

"ఇంట్లో ఉన్నాయి. నంద్యాలలో."

"పోయి తీసుకోని రా."

"కాలు ఇక్కడుంటే పాత చెప్పులెందుకయ్యా?" నా గొంతు వేదిక స్థాయికి లేచింది.

"కాలు నాకు చూపించేటప్పుడు బుద్ధిగా నడుస్తాదప్పా. ఎవురూ చూడనప్పుడు ఎట్ల నడిచిందో పాత చెప్పుకే తెలుసు. బస్సు ఉంది, బేగా పో."

ఈ జవాబులో తప్పు పట్టాలని నంద్యాల దాకా ప్రయత్నించాను. శిరివెళ్ల దాటేసరికి, తప్పు దొరకడం లేదని కోపం రావడం మొదలైంది.

మరునాడు మూడు జతలు సంచిలో వేసుకుని మళ్లీ వెళ్లాను. ఆయన వాటిని బోర్లించి వరసగా పెట్టి, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత విచారణ మొదలైంది.

"నొప్పి లేస్తానే తొలి అడుగుకా, పొద్దు గూకేటప్పటి అడుగుకా?"

"నా ఉద్దేశంలో ఈ నొప్పికి మూల కారణం..."

"అప్పా, కాలిని అడుగుతాండా, ఉపన్యాసం అడగలే."

"సాయంత్రం. ఎక్కువసేపు నిలబడితే."

"మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడు."

"జ్వరం ఉందా? మోకాలు ఎర్రగా కాలిపోతాదా? చేతి కీళ్లు కూడా వాస్తాయా?"

"లేదు."

"ఉంటే నా దగ్గరికి రావద్దు, ఆస్పత్రికి పో. అది తోలుతో తీరేది కాదు."

తనకు రానిదేమిటో మొదటే చెప్పిన వైద్యుణ్ణి నేను అంతవరకు చూడలేదు. జేబులో పెన్సిలూ కాగితమూ ఉన్నాయి, మోసాలు రాసుకుందామని తెచ్చుకున్నవి. అవి అక్కడే ఉండిపోయాయి.

"పంచె ఎగ్గట్టు. ఆ వేపచెట్టు దాకా నడిచిపో, తిరిగి రా."

"ఈ వీధిలోనా?"

"గాలిలో నడిచేదైతే గాలిలో నడువు."

మోకాళ్ల పైకి పంచె కట్టుకుని, స్వేచ్ఛాలోచన మీద ఉపన్యాసాలిచ్చే నేను, ఆ వీధి ఆడవాళ్లంతా పనులు ఆపి చూస్తుండగా నడిచాను. వెళ్లాను, వచ్చాను. "ఇంగోసారి" అన్నాడు. ఈసారి ఒకామె, "నడక బాగుంది, కొంటావా మామా?" అని ఆయనను అడిగింది. "పళ్లు చూడలేదింకా" అన్నాడు ఆయన.

తర్వాత పాదాలు తడిపి నాపరాయి మీద నిలబెట్టాడు. అచ్చులు పడ్డాయి. కుడిది నిండుగా, ఎడమది బయటి అంచున గీత గీసినట్టు. కళ్లు మూసుకోమని కోడి ఈకతో వేళ్ల సందులన్నీ తాకుతూ, "తగిలిందా? ఈడ? ఈడ?" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "నవ్వు మంచిదే. నవ్వు రానోళ్లను ఎంతమందిని ఆస్పత్రికి పంపినానో" అన్నాడు. పాదం పైన రెండు వేళ్లు పెట్టి, నాడి కొట్టుకుంటోందా అని చూశాడు. మడమ తిప్పాడు, చీలమండ తిప్పాడు, మోకాలు వంచి చాపాడు. ఎడమ బొటనవేలు వంచబోతే నా ప్రాణం నోట్లోకి వచ్చింది.

"ఈడ ఉంది" అన్నాడు.

"నొప్పి మోకాలిలో కదా?"

"కూతపెట్టేది మోకాలు. కొట్టింది వేలు."

మెడలోని ముడుల దారంతో రెండు పాదాలూ కొలిచాడు. నా ఎడమ పాదం కుడిదానికంటే రెండు వడ్లగింజల పొడవెక్కువ. ఆ సంగతి నా శరీరంతో నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న నాకు తెలియదు. తర్వాత మూడు జతల చెప్పులనూ కొలిచి చూపించాడు. ప్రతి జతలోనూ కుడీ ఎడమా ఒకే పొడవు. చోటు చాలక ఎడమ బొటనవేలు ముడుచుకుంది, ముడుచుకుని ముడుచుకుని దాని కీలు బిగుసుకుపోయింది. ఆ వేలి మీద భారం వేయలేక నేను పాదాన్ని బయటికి ఒరగేసి నడుస్తున్నాను. ఆ ఒరిగిన కాలిని మోకాలు మెలిపడి మోస్తోంది. తీగ లాగితే డొంకంతా కదిలింది.

"ఈ కొలత ఎవురు తీసినారు?"

మా సొంత ఊరు ఆళ్లగడ్డకు దగ్గరే. నంద్యాలకు మారినా చెప్పులు మాత్రం అక్కడి నుంచే వచ్చేవి. మా అమ్మ కొలిచేది, ఆమె తర్వాత నా భార్య. పుల్ల తీసి, కుడికాలికి పెట్టి, తుంచి, సేద్యగానికిచ్చేవాళ్లు. కుడికాలే, ఎందుకంటే కొత్త వస్తువుకు ఎడమకాలు అశుభం. ఎడమకాలిని ఎవరూ కొలవలేదు, కొలవమని నేనూ అనలేదు. చెప్పులు ఎవరు కుడుతున్నారో కూడా ఎన్నడూ అడగలేదు.

"పన్నెండేండ్లుగా మీ ఇంటి పుల్ల నాకే వస్తాందప్పా" అన్నాడు ఆయన. "కొనకు పసుపు పూసి పంపుతారు. శుభ్రమైన ఇల్లు."

"అయితే నేనెవరో నీకు తెలుసా?"

"నీ ఉపన్యాసాలు విన్యా. అంటరానితనం మీద చెప్పింది బాగుండె. అప్పుడే కుడిపక్కకు ఒరిగి నిలబడితివి."

"అప్పుడే చెప్పకూడదా, పెద్దాయనా?"

"పుల్ల పంపినోనికి ఏం చెప్తాం? పుల్లకు చీలమండ ఉండదు, మోకాలు ఉండదు. కాలు వచ్చింది, చెప్తాండా."

ముఖం మీద కొట్టినా అంత తగలదు. శకునాల మీద కత్తి దూసిన నేను, అంటరానితనం మీద ఊరూరా గొంతు చించుకున్న నేను, ఆ రెండింటినీ కలిపి పాదానికి తొడుక్కుని పన్నెండేళ్లు వేదికలెక్కాను! నా ఉపన్యాసం ఎక్కడిదాకా దిగిందో ఆయన కొలిచి చెప్పాడు. మోకాలి దాకా కూడా రాలేదు.

"సభనాటికి తగ్గుతుందా?" అని మాత్రం అడగగలిగాను.

"తగ్గుతాదని చెప్పలే. మోస్తాదని చెప్తాండా. వేలు బిగిసిపోయింది, అది మళ్లీ పసివేలు కాదు. దానికి చోటిస్తే మోకాలు ఊపిరి తీసుకుంటాది."

ఎడమదానికి వేరే కొలత, బొటనవేలి కీలు కింద చిన్న గుంట, బయటి అంచున ఒక తోలు పొర ఎక్కువ. రోజూ పాదం కింద రోకలి దొర్లించమన్నాడు. గంటకొకసారి కూర్చోమన్నాడు. "ఉపన్యాసం మధ్యలోనా?" అంటే, "జనం కూడా సంతోషిస్తార్లే" అన్నాడు.

రెండు వారాలకు మెట్లు దిగగలిగాను. సభనాడు ఎవరి చెయ్యీ పట్టకుండా వేదిక ఎక్కాను. ముందు వరసల్లో పెద్ద ఇళ్లవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, వాళ్లలో నా భార్య. ఆయన అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పంతులు నా నడక చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకుని, లేచి, చేతులు చాచాడు.

"చూడండి! నాస్తికుని కాలు పట్టుకున్న స్వామే కాలు విడిచినాడు. ఎందుకు విడిచినాడు? ఇల్లాలు యాగంటికి మొక్కుకున్యాది కాబట్టి!"

నేను నవ్వబోయి, నా భార్య వైపు చూశాను. ఆమె కొంగు అంచు పరీక్షిస్తోంది.

"నిజమేనా?" అని వేదిక మీద నుంచే అడిగాను.

"మొక్కినా" అంది ఆమె, అందరికీ వినపడేటట్టే. "మీరు చెప్పులు కుట్టించుకున్యారు, నేను మొక్కుకున్యా. ఏది పనిచేసిందో నాకేం తెలుసు?"

సభ గొల్లుమంది. శాస్త్రం చదవని నా భార్య నా ప్రయోగాన్ని ఒక్క మాటతో చెడగొట్టింది. రెండు మందులు ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో చెప్పలేమని నేనే ఎన్నో సభల్లో చెప్పాను. ఇక సాక్షి ఒక్కడే దిక్కు. వెనక ఉన్న ఆయనను పిలిచాను. జనం దారి ఇచ్చారు, అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే ఇచ్చారు. ఆయన వచ్చి వేదిక ముందు నిలబడ్డాడు.

"పెద్దాయనా, నా కాలు బాగైంది మొక్కుతోనా, నీ చెప్పులతోనా? నువ్వే చెప్పు."

ఆయన ముందు నా కాళ్లు చూశాడు, తర్వాత పంతులు కాళ్లు చూశాడు.

"అమ్మ మొక్కినాదంట, మంచిదే. నేనూ ప్రార్థన చేసినా."

పంతులు చప్పట్లు కొట్టాడు.

"అయితే కొలత తీసినాక చేసినాప్పా" అన్నాడు ఆయన. "తీయకముందు చేస్తే, దేవుడు ఏ కాలు అని చూడాల?"

ఈసారి చప్పట్లు వెనక వరసల నుంచి వచ్చాయి. పంతులు తెలివైనవాడు, వెంటనే పట్టుకున్నాడు. "అయితే కాలికి వచ్చిన దోషమేంది? అది చెప్పు."

"అది ఆయన చెప్పాల. కాలు ఆయనది."

మోకాలు నిలబడింది. ఇప్పుడు నిలబడాల్సింది నేను. ఏదో నరం పట్టిందని చెప్పి కూర్చుంటే, ఆయన నోరు విప్పడు. గెలుపు నాదే. ముందు వరసల్లో ఉన్న పెద్దమనుషులకూ అదే హాయి. నేను లేచి అంతా చెప్పాను. పుల్ల, పసుపు, కుడికాలు, పన్నెండేళ్లు, ఎన్నడూ అడుగుపెట్టని వీధి. నా జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం మరొకటి లేదు. ముందు వరసల్లో నవ్వులు ఆగిపోయాయి. ఒకరిద్దరు కాళ్లు కుర్చీల కిందికి లాక్కున్నారు.

"అంటే శకునం నీ ఇంట్లోనే ఉంది కదయ్యా!" అన్నాడు పంతులు, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"ఉంది. నా కాలు పట్టుకుంది అదే. స్వామిని ఊరికే అన్నారు."

ఆ రోజు ఎవరు గెలిచారో నాకు తెలియదు. పంతులు తానే గెలిచానని పదిచోట్ల చెప్పుకున్నాడు, నేను అడ్డం చెప్పలేదు. ఆళ్లగడ్డలో మరి నాకు సభ పెట్టినవారు లేరు.

రెండు నెలల తర్వాత, కాలు చూపించుకోవడానికి ఆ వీధికి వెళ్లాను. సభలో అంత మాట చెప్పాక పెద్ద ఇళ్లవాళ్లలో మార్పు వచ్చి ఉంటుందని నాలో నేను పొంగుతూ వెళ్లాను. ఆయన నన్ను చూసి, అంతవరకు నేనెప్పుడూ చూడనంత పెద్దగా నవ్వి, గోడ గూట్లో నుంచి ఒక కట్ట తీసి నా ముందు పెట్టాడు. అన్నీ చీపురుపుల్లలు. జతలు జతలుగా దారంతో కట్టి ఉన్నాయి.

"రెండు పుల్లలు పంపుతాండారప్పా! కుడికొకటి, ఎడమకొకటి."

"సిగ్గు లేదా వీళ్లకు! మనుషులు రారా?" అని మండిపడ్డాను. "ఇన్ని చెప్పి ఏం లాభం?"

"అట్లనొద్దు. ఎడమకాలు ఉందని ఒప్పుకున్యారు కదా" అన్నాడు ఆయన. ఒక జత దారం విప్పి, రెండు పుల్లలనూ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత పొడవో చూసుకుని, కత్తి అందుకున్నాడు.